పళ్ళున్న చిప్ప

మ్యూజియంలో ఆయన అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆయన చిప్పల మాస్టారే. ఏ బడిలోనూ ఒక్క పాఠం చెప్పినవాడు కాదు, అయినా మాస్టారే. మ్యూజియం మెట్ల కింద, ఎక్కేవాళ్ళ దిగేవాళ్ళ అడుగుల చప్పుడంతా నెత్తిన పడే గదిలో, నిలువెత్తు చెక్క బీరువాల మధ్య, ముప్ఫై రెండేళ్ళుగా ఆయన చేస్తున్న పని ఒక్కటే. ఎప్పుడో సముద్రం అడుగున బతికి, చచ్చి, బురదలో కూరుకుపోయి, ఆ బురద సున్నపురాయిగా గట్టిపడేసరికి తామూ రాళ్ళైపోయిన ఆలుచిప్పల్లాంటి జీవుల్లో ఏది ఏ జాతిదో, ఏ జాతి ఏ కుటుంబంలోదో తేల్చి, చీటీ రాసి, సొరుగులో పెట్టడం.

"ఇంతేనా?" అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్ళు మండుకొచ్చేది. ఇంతేనా అంటే ఇంతే. కానీ ఒక చిప్పని ఇంకో చిప్ప నుంచి విడదీయడం అనుకున్నంత తేలిక కాదు. ఆకారం చూడాలి. పైన గీతలు చూడాలి. లోపల కండ అంటుకున్న మచ్చలు చూడాలి. అన్నిటినీ మించి పళ్ళు చూడాలి. చిప్పకు పళ్ళేమిటని నవ్వేవాళ్ళకు ఆయన రెండు అరచేతులూ మణికట్ల దగ్గర కలిపి చూపించేవాడు. జీవికి రెండు చిప్పలు. అవి కలిసే చోట తలుపు బందులాగ ఒక కీలు. ఆ కీలు దగ్గర ఒక చిప్పకు పళ్ళు, రెండో చిప్పకు ఆ పళ్ళు కూర్చునే గుంటలు. నమలడానికి కాదు, ఒకదాని మీద నుంచి ఒకటి జారిపోకుండా పట్టుకోవడానికి. ఆ పళ్ళు ఎన్ని, ఎలా ఉన్నాయన్నది తెలిస్తే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలిసినట్టే.

మాస్టారి జీవితంలో చెప్పుకోదగ్గ ఘనకార్యం ముప్ఫై ఏళ్ళ కిందట జరిగింది. ఒక రాతి క్వారీ నుంచి వచ్చిన గోనె సంచిలో ఎవరూ ఎప్పుడూ పేరు పెట్టని చిప్పలు దొరికాయి. కొన్ని వేలి గోరంత, నున్నగా, ముద్దుగా ఉన్నాయి. కొన్ని అరచేతంత, ఒళ్ళంతా ఉబ్బు గీతలతో ఉన్నాయి. రెండూ వేరు వేరు జాతులని ఆయన నిర్ణయించి, ఒకే వ్యాసంలో, ఒకే పేజీలో రెండిటికీ పేర్లు పెట్టాడు. అప్పుడాయన కొత్త పెళ్ళికొడుకు. ఇల్లాలి పేరు ఒకదానికి పెట్టాలనుకున్నాడు, సరే. రెండోదానికి అత్తగారి పేరు పెడితే ఆ ఇంట్లో తన మాట చెల్లుతుందని కూడా అనుకున్నాడు. అంతవరకూ బాగానే ఉంది. నున్నదాన్ని అత్తగారికీ, గీతలదాన్ని భార్యకూ ఇవ్వడంలోనే పప్పులో కాలేశాడు.

"మా అమ్మకేమో నున్నటిదీ, నాకేమో ముడతలదీనా?" అంది భార్య ఫోటోలు చూసి. అప్పటికి ఆవిడకు ఇరవై మూడేళ్ళు.

"ముడతలు కావు, ఉబ్బు గీతలు. అసలు అందమంతా వాటిలోనే..."

"మా అమ్మకే ఇవ్వకపోయారా ఆ అందం!"

అత్తగారు మాత్రం తన చిప్ప ఫోటోకు ఫ్రేము కట్టించి అద్దం పక్కన తగిలించుకుంది. ఇంటికెవరొచ్చినా "ఇది నేనే" అని చూపించేది.

ఇక్కడికి ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆ ఇంట్లో ఇంకొకడున్నాడు, బావమరిది. చదువుకునే రోజుల్లో బావ వెంట క్వారీల చుట్టూ సంచులు మోసి, బావ దగ్గరే చిప్పల విద్యంతా నేర్చుకుని, కాలేజీలో లెక్చరరై, పదకొండేళ్ళ కిందట బావ మీదే ఒక వ్యాసం రాశాడు. ఈ రెండూ వేరు జాతులు కాకపోవచ్చని అందులో అనుమానం వెలిబుచ్చాడు. నున్నవి పిల్లలు, గీతలవి పెద్దవి. వయసు వచ్చాక గీతలు తేలాయి, అంతే.

"నీ తల్లినీ అక్కనీ ఒకటి చేస్తావురా?" అని మాస్టారు ఆ రోజు భోజనాల దగ్గరే లేచి నిలబడ్డాడు.

"నేను చిప్పల గురించి అంటున్నా బావా!"

"నేనూ చిప్పల గురించే అంటున్నా!"

అప్పటి నుంచి కుటుంబమంతా ఎప్పుడు కలిసి కూర్చున్నా ఈ గొడవ కూడా వచ్చి కూర్చునేది. తేల్చేందుకు దారి లేదు. మ్యూజియం సొరుగులో నున్నవి పధ్నాలుగు, గీతలవి ఇరవై ఏడు ఉన్నాయి. నున్నవాటిలో రెండింటికి కీలు చక్కగా ఉంది. నడుమ పెద్ద పన్ను, అటూ ఇటూ చిన్న పళ్ళు, మొత్తం మూడు. గీతలవాటిలో మాత్రం ఇరవై ఏడింటికీ కీలు విరిగిపోయింది. బోసినోటి చిప్పలు. వాటి పళ్ళు కూడా అలాగే ఉంటే బావమరిది మాట నిజం. వేరుగా ఉంటే మాస్టారి మాట నిజం. పళ్ళే లేకపోతే ఎవరి మాట వాళ్ళది. పదకొండేళ్ళూ అలాగే గడిచాయి.

ఇంతలో మాస్టారికి సొంత పన్ను నొప్పి పట్టుకుంది.

ఆయనకు పళ్ళ డాక్టరంటే గుండె దడ. నాలుగు రోజులు లవంగం నూనెతో, మూడు రోజులు మౌనంతో నెట్టుకొచ్చాడు. ఎనిమిదో రోజున దవడ బన్నురొట్టెలా పొంగేసరికి భార్య చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. కొత్తగా కట్టిన క్లినిక్కు. ముందు గదిలో గోడ వెంబడి ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల కౌంటరు, దాని వెనక నవ్వడం మానేసి చాలా కాలమైనట్టున్న ఒక పెద్దావిడ. లోపలి గదిలోంచి జుయ్యిమని మిషను చప్పుడు వస్తోంది. మాస్టారు ఆ తలుపు వైపు చూడలేక తల వంచుకుని నేల చూశాడు.

నేలంతా నునుపు పట్టించిన సున్నపురాయి పలకలు. వరసలో మూడోది, తను కూర్చున్న కుర్చీ కాళ్ళ మధ్య పలకలో, అరచేతంత మేర, ఉబ్బు గీతలు.

నొప్పి ఎటు పోయిందో పోయింది. ఆయన కుర్చీలోంచి జారి మోకాళ్ళ మీద కూర్చున్నాడు, తర్వాత మోచేతుల మీద వాలాడు, ఆ తర్వాత బుగ్గ నేలకానించాడు. సందేహం లేదు. గీతల చిప్ప. పలకను కోసినప్పుడు అంచు తెగింది గానీ కీలు వైపు మాత్రం ఏటవాలుగా రాయిలోకి దిగి ఉంది. విరగలేదు. రాయి లోపల, చిటికెన వేలంత లోతున, పళ్ళున్నాయి.

"ఏం పోయిందండీ?" అన్నాడు పక్క కుర్చీలో బుగ్గ వాచిన బస్సు డ్రైవరు. పాపం, మంచివాడు, తనూ కిందికి దిగాడు. "ఉంగరమా?"

"చిప్ప."

"ఏ చిప్ప? మోకాలి చిప్పా?"

"కాదండీ, గీతల చిప్ప. ఇదిగో, ఇక్కడుంది."

"ఎప్పుడు పడిపోయింది?"

"పదహారు కోట్ల ఏళ్ళయి ఉంటుంది."

డ్రైవరు మెల్లగా లేచి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. తర్వాత మాస్టారి భార్య వైపు వంగి, "అమ్మా, నొప్పి తలకెక్కినట్టుంది. నా వరస నంబరు తీసుకుని ముందు మీవారిని పంపించెయ్యండి" అన్నాడు.

పళ్ళ డాక్టరు నలభై ఏళ్ళావిడ. చేతులు చురుగ్గా, మాటలు ఇంకా చురుగ్గా ఉంటాయి. నోట్లో నాలుగు సామాన్లు పెట్టి అప్పుడు యోగక్షేమాలు అడగడం ఆవిడ అలవాటు. ఫోటో తీసి చూసి, రూట్ కెనాల్ చెయ్యాలి, మూడు సిట్టింగులు పడుతుంది అంది.

"ఆరు చెయ్యలేరా?" అన్నాడు మాస్టారు.

డాక్టరు చేతిలో పని ఆపింది. "ఇన్నేళ్ళలో రెండింటిలో కానిచ్చెయ్యమన్నవాళ్ళనే చూశానండీ. ఆరు అడిగినవాళ్ళు మీరే మొదలు."

"తొందరేం లేదు డాక్టర్ గారూ. నిదానంగా చెయ్యండి."

మూడే చేసింది. కానీ ఆ మూడింటికీ మాస్టారు చెప్పిన టైము కంటే గంటన్నర ముందే వెళ్ళాడు. భూతద్దం పట్టుకెళ్ళాడు, గళ్ళ కాగితం మీద చిప్ప బొమ్మ దించుకున్నాడు. రాయి తడిస్తే గీతలు తేటగా కనిపిస్తాయని ఒక నీళ్ళ సీసా కూడా పట్టుకెళ్ళి కుర్చీ కింద చల్లాడు. కౌంటరు దగ్గర పెద్దావిడ లేచొచ్చి ఒక్క మాట మాట్లాడకుండా ఆయన పక్కన పసుపు బోర్డు నిలబెట్టింది. తడి నేల, జారతారు జాగ్రత్త. ఆ బోర్డు చాటున ఇంకో పావుగంట ప్రశాంతంగా పని జరిగింది.

మూడో సిట్టింగు అయిపోయింది. పంటికి తొడుగు పడింది. ఇక రానక్కర్లేదంది డాక్టరు. మాస్టారికి దిక్కు తోచలేదు. నాలుగు రోజులు ఆగి మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు.

"ఈసారి ఏ పన్ను?"

"ఏదో... ఇటు వైపు. అంతా నొప్పే."

డాక్టరు చిన్న కడ్డీతో ఒక్కో పన్నూ తట్టడం మొదలుపెట్టింది. "ఇదా?"

"నొప్పి."

"ఇది?"

"అదీ నొప్పే."

"ఇదిగో, ఇక్కడ?"

"అమ్మో! చంపేస్తోంది."

"ఇక్కడ పన్నే లేదండీ. ఎప్పుడో ఊడిపోయింది." కడ్డీ పళ్ళెంలో పెట్టలేదు, నోట్లోనే ఉంచి అడిగింది. "మీకు నొప్పీ లేదు, పాడూ లేదు. మా కౌంటర్లో ఆవిడ అంతా చెప్పింది. నేల తడుపుతారట, నేల మీద పడుకుంటారట, ఆడవాళ్ళ కాళ్ళ దగ్గర భూతద్దం పెడతారట. పోలీసులకి చెప్పనా, మీ ఆవిడకి చెప్పనా?"

మాస్టారు నోట్లో అద్దం, కడ్డీ, ఉమ్ము లాగే గొట్టం ఉన్నాయి. ఉన్నవాటితోనే చెప్పడానికి ప్రయత్నించాడు. "ఇప్ప... ఆళ్ళు... ఈలు అగ్గఅ ఆళ్ళు!"

"పళ్ళా?" డాక్టరుకి ఆ భాష వచ్చు. రోజూ వినేదే. "ఎవరి పళ్ళు?"

"ఇప్ప ఆళ్ళు!"

"చిప్పకి పళ్ళుంటాయా?" గొట్టం తీసేసింది. "ఉండండి, ఇది మామూలుగా చెప్పండి."

ఆయన చెప్పాడు. రెండు చేతులూ మణికట్ల దగ్గర కలిపి మరీ చెప్పాడు. మధ్యలో బయట ముగ్గురు పేషెంట్లు ఎదురుచూస్తున్నారని కౌంటరావిడ రెండుసార్లు తలుపు తోసింది. డాక్టరు కదల్లేదు. ఒక చిప్ప పళ్ళు రెండో చిప్ప గుంటల్లో కూర్చుంటాయని విన్నప్పుడు మాత్రం, "అంటే పై పళ్ళూ కింది పళ్ళూ సరిగ్గా కుదరాలన్నమాట. మాదీ అదే బాధ" అంది. తర్వాత ముందు గదిలోకొచ్చి, చున్నీ నడుముకు బిగించి, మూడో కుర్చీ జరిపి, వంగి చూసింది.

"ఈ పలక పీకి మీ మ్యూజియానికి ఇస్తే?"

"సిమెంటు పట్టేసి ఉంటుందండీ. పీకితే ముక్కలైపోతుంది."

"మరి ఇన్ని రోజులూ ఏం చేద్దామని వస్తున్నారు?"

అది మాస్టారికీ తెలియదు. చూస్తూ కూర్చోవడమే తెలుసు.

డాక్టరు వేలితో రాయిని గోకింది. "గట్టిదే. పంటి పైపూత కంటే మెత్తనిదే అనుకోండి. చిప్ప ఏదో, చుట్టూ ఉన్న రాయి ఏదో మీరు చూపించండి, నేను తీస్తాను. ఆదివారం క్లినిక్కు సెలవు." ఆగి, "పొద్దున తొమ్మిదికి. ఆలస్యమైతే ఒప్పుకోను. బ్రష్ చేసుకుని రండి" అంది. ఆ చివరిది అలవాటుకొద్దీ వచ్చిన మాట.

ఇంటికెళ్ళి విషయం చెప్పగానే భార్య ఫోను అందుకుంది.

"ఎవరికి?"

"తమ్ముడికి."

"వాడెందుకు?"

"మీరొక్కరే చూసొచ్చి నాదే రైటంటే వాడు నమ్ముతాడా? మళ్ళీ పదకొండేళ్ళు నేను వినాలా? ఇద్దరూ ఒకేసారి చూడండి. తేలిపోతుంది. నేనూ వస్తాను."

ఆదివారం తొమ్మిదింటికి అయిదుగురూ చేరారు. కౌంటరావిడను రమ్మని ఎవరూ పిలవలేదు. నేల మీద ఏం చేస్తారో కళ్ళారా చూడాలని తనే వచ్చింది. డాక్టరు లోపలి నుంచి పొడుగు తీగతో చిన్న మిషను తెచ్చి, నేల మీద దుప్పటి పరిచి, పలక చుట్టూ నీలం గుడ్డ కప్పింది. మధ్యలో చిప్ప ఒక్కటే కనబడుతోంది, నోరు తెరిచిన పేషెంటులా. బోర్లా పడుకుని మిషను ఆన్ చేసింది. బావమరిది నీళ్ళు చల్లే గొట్టం పట్టుకున్నాడు. మాస్టారు బురద లాగే గొట్టం పట్టుకున్నాడు. బావా బావమరుదుల తలలు రెండు సార్లు ఢీకొన్నాయి.

"బావా, కొంచెం జరుగు."

"నువ్వే జరుగు. నీకు లోపలేముందో ముందే తెలుసుగా, చూడ్డమెందుకు?"

"ఇద్దరూ నోరు ముయ్యండి," అంది డాక్టరు. బహుశా ఆ క్లినిక్కులో ఆ మాట అదే మొదటిసారి వినిపించడం.

గంట గడిచింది. రాయి పిండిలా రాలుతోంది. మాస్టారు "అక్కడ వద్దు, అది చిప్ప" అన్నప్పుడల్లా డాక్టరు మొన వెనక్కి తీసి, సూదిలాంటి కడ్డీతో గోకుతోంది. భార్య కుర్చీలో కూర్చుని ఊలుతో ఏదో అల్లుకుంటోంది గానీ పావుగంటగా ఒక్క కుట్టు పడలేదు.

"ఏదో గట్టిగా తగిలింది," అంది డాక్టరు. గాలి ఊదింది. ఆవిడ తల తిప్పకుండానే కౌంటరావిడకు చార్టు చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టింది. "రాసుకోండి. నడిమి పన్ను, పెద్దది, చెక్కుచెదరలేదు. ఎడమ వైపు చిన్నది, ఒకటి. అరగలేదు." ఇంకో అయిదు నిమిషాలు. "కుడి వైపు కూడా చిన్నది, ఒకటి. మొత్తం మూడు. పుచ్చులు లేవు."

మూడు. నడుమ పెద్దది, అటూ ఇటూ చిన్నవి. అచ్చం నున్నవాటికి ఉన్నట్టే.

డాక్టరు ఆగకుండా చిప్ప వెనక వైపు కూడా తవ్వింది. చిప్ప పెరగడం మొదలుపెట్టిన కొన ఒకటుంటుంది, దాన్ని ముక్కు అంటారు. అక్కడి నుంచే ఏటేటా అంచు కట్టుకుంటూ పోతుంది. సొరుగులో ఉన్న ఇరవై ఏడింటికీ కీలుతో పాటు ముక్కూ పోయింది. దీనికి ఉంది. దుమ్ము ఊదేసరికి కనిపించింది. వేలి గోరంత మేర, ఒక్క గీతా లేకుండా, నున్నగా మెరుస్తోంది. దాని అంచు దగ్గరే గీతలు మొదలయ్యాయి. పసితనం పసితనంగానే ఉండిపోయి, దాని చుట్టూ పెద్దతనం పెరిగింది.

మాస్టారు భూతద్దంతో చూశాడు. అద్దం తుడుచుకుని మళ్ళీ చూశాడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఆ గోనె సంచి విప్పిన పొద్దు, చేతులకంటిన తెల్ల దుమ్ము, రెండు పేర్లు రాసుకున్న పెన్ను, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. "ఒకటేరా," అన్నాడు మెల్లగా. "రెండూ ఒకటే. నువ్వు చెప్పిందే నిజం."

బావమరిది ఎగిరి గంతేస్తాడనుకున్నారంతా. వాడు గొట్టం పక్కన పెట్టి, బావ వీపు మీద చెయ్యి వేసి, "నాకిది నేర్పింది నువ్వే కదా బావా," అన్నాడు. అని ముక్కు చీదుకున్నాడు. సున్నపు దుమ్ము అని చెప్పాడు గానీ దుమ్మంతా తడిగానే ఉంది.

అప్పుడు మాస్టారి భార్య అల్లిక ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "రెండూ ఒకటే అయితే పేర్లు రెండెందుకు? ఏదుంటుంది, ఏది పోతుంది?"

పదకొండేళ్ళ పోట్లాటలో బావా బావమరుదులిద్దరికీ ఈ ఆలోచనే రాలేదు.

పేర్లకు ఒక నియమం ఉంది. ఒకే జాతికి రెండు పేర్లు పడ్డాయని తేలితే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. కానీ ఈ రెండూ ఒకే రోజున, ఒకే పేజీలో పెట్టినవి. అలాంటప్పుడు రెండూ ఒకటేనని తేల్చి, ఏ పేరుండాలో మొదట ఎవరు రాస్తే వాళ్ళ మాటే ఖాయం. లోకమంతా దానికి కట్టుబడాల్సిందే.

"అంటే రాసేది నువ్వేరా," అన్నాడు మాస్టారు. "గెలిచింది నువ్వు కదా."

బావమరిది మొహం పాలిపోయింది. ఎదురుగా అక్క. ఇంట్లో అమ్మ, అద్దం పక్కన ఫ్రేముతో సహా. "నేనా? పేర్లు పెట్టింది నువ్వు బావా. పెద్దవాడివి. నువ్వే రాయి."

"అబ్బే, నీ సిద్ధాంతం. నేనెలా రాస్తాను?"

"పోనీ నీదే సిద్ధాంతం అనుకో!"

"మీ ఇంటి గొడవ బయట చూసుకోండి," అంది డాక్టరు, పింక్ రంగు ముద్ద ఒకటి గిన్నెలో కలుపుతూ. "నేను అచ్చు తీసుకోవాలి." కట్టుడు పళ్ళకు తీసినట్టే ఆ గుంటలో ముద్ద నొక్కి, గట్టిపడ్డాక లాగి, చిప్ప అచ్చు మాస్టారి చేతిలో పెట్టింది. గుంటలో అద్దంలాంటి పూత పోసి మూసేసింది. మూడో కుర్చీ తీసి లోపల పెట్టేశారు.

ఆ సాయంత్రమే అత్తగారింట్లో కుటుంబం నలుగురూ చేరారు. అమ్మకు చెప్పకుండా ఏదీ రాయడానికి వీల్లేదని బావమరిది పట్టుబట్టాడు. చెప్పే బాధ్యత మాత్రం బావకే వదిలేశాడు. ఎనభై నాలుగేళ్ళ అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, అచ్చును అటూ ఇటూ తిప్పి చూస్తూ అంతా విన్నది.

"నా పేరెందుకు పోవాలి అల్లుడుగారూ? నేనేం తప్పు చేశాను?"

"పోవాలనలేదండీ. రెండిటిలో ఒకటి..."

"నున్నగా ఉండేది నాది కదా. అదేమిటన్నారు?"

"అది చిన్నప్పటి చిప్పండీ. గీతలది పెద్దయ్యాక."

అత్తగారు అచ్చును ఒళ్ళో పెట్టుకుంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఊగేలా నవ్వడం మొదలుపెట్టింది. "అంటే పసిదానికి నా పేరూ, ముసలిదానికి మా అమ్మాయి పేరూ పెట్టారా? ఇరవై మూడేళ్ళ పిల్లకి! ముప్ఫై ఏళ్ళు మీతో ఎలా కాపురం చేసిందండీ ఇది?"

"అదే నేనూ అడుగుతున్నా," అంది కూతురు.

"దాని పేరే ఉంచండి," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ. "అభిమానంతో అంటున్నాననుకునేరు, కాదు. మీరు ఈ ఇంటికొచ్చినప్పుడల్లా నా చిప్ప గురించి నాకు అరగంట చెప్పేవారు. అల్లుడుగారు కదాని తల ఊపేదాన్ని. ముక్క అర్థమైతే ఒట్టు. ఇకనించి ఆ అరగంట దానికి చెప్పండి. నేను కాస్త నడుం వాలుస్తాను."

"అమ్మా, మరి ఆ ఫోటో..." అన్నాడు కొడుకు.

"ఫోటో ఎందుకు తియ్యాలిరా? చిన్నప్పటి ఫోటో ఎవరింట్లో ఉండదు?"

వ్యాసం రెండు నెలలకు అచ్చయింది. బావమరిది రాశాడు, బావ దిద్దాడు, పళ్ళ లెక్క దగ్గర డాక్టరు పేరు కూడా చేరింది. ఆవిడ ఆ పేజీని ముందు గదిలో అతికించింది. కౌంటరావిడ ఇప్పుడు కొత్త పేషెంట్లకు నేల చూపించి, అడగకపోయినా పళ్ళు ఎన్నో చెబుతుంది. నవ్వుతూ చెబుతుందని బస్సు డ్రైవరు అన్నాడు గానీ ఎవరూ నమ్మలేదు.

సొరుగులో నలభై ఒక్క చీటీలూ మార్చాల్సి వచ్చింది. ఆ పని మొదలుపెట్టిన రోజున మాస్టారి భార్య మ్యూజియానికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ మెట్ల కింది గదిలోకి ఆవిడ రావడం అదే మొదలు. స్టూలు లాక్కుని కూర్చుని, సొరుగులోకి తొంగి చూసింది.

"ఇందులో నేనేది?"

"అన్నీ నువ్వే," అన్నాడు మాస్టారు. "ఇదిగో, ఈ వరస చిన్నప్పుడు. ఇవి పెద్దయ్యాక."

ఆవిడ ఒక్కోటీ చేతిలోకి తీసుకుని చూసింది. గోరంతది ఒకటి అరచేతిలో పెట్టుకుని, "ఇది ఎన్నాళ్ళు బతికిందో తెలుస్తుందా?" అంది. ఉబ్బు గీతలు కాక, భూతద్దానికి మాత్రమే అందే సన్నటి పెరుగుదల గీతలుంటాయి, అవి లెక్కపెడితే తెలుస్తుందన్నాడు. ఎలాగో చూపించమంది. ఆయన భూతద్దం ఇచ్చి చూపించడం మొదలుపెట్టాడు. అరగంట దాటిపోయింది. పైన మెట్ల మీద ఏదో పిల్లల గుంపు దడదడమంటూ ఎక్కింది.

"సరే, సగం చీటీలు ఇటివ్వండి," అంది ఆవిడ. "మీ రాత మీకే అర్థం కాదు."

ఆయన ఇరవై చీటీలు లెక్కపెట్టి ఇచ్చి, పెన్నులో సిరా ఉందో లేదో కాగితం మీద గీసి చూసి, దాన్ని కూడా ఇచ్చాడు.